అలుకుగుడ్డ, పూలకుండీ, చీరకొంగు: మన రచయిత్రుల గొప్పతనం ఎక్కడుంది?

చిన్నప్పుడు అందరం విన్న కథే. ఒక ఈగ ఇల్లలుకుతూ ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయింది. పేదరాశి పెద్దమ్మని అడిగింది. పెద్దమ్మ కొడుకుని, కొడుకు చేతిలో గొడ్డలిని, గొడ్డలి నరికే చెట్టుని అడిగింది. ఎవరూ చెప్పలేదు. చివరికి గుర్రం 'ఇహిహీ' అని సకిలిస్తే ఆ సకిలింపులోంచి తన పేరు తనకి దొరికింది. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఈగ తన పేరు ఎందుకు మరిచిపోయిందని మాత్రం ఎవ్వరం అడగలేదు.

పి. సత్యవతి అడిగారు. ఆమె కథ 'ఇల్లలకగానే'లో బాగా చదువుకున్న, చమత్కారంగా మాట్లాడే ఒక అమ్మాయి ఉంటుంది. పెళ్ళవుతుంది. ఈ ఇల్లు నీది అంటాడు భర్త. ఆమె ఇల్లంతా అలికి ముగ్గులు పెడుతుంది. అలకడంలో నేర్పరివి, ముగ్గులు వెయ్యడంలో ఇంకా నేర్పరివి అని ఆయన మెచ్చుకుంటాడు. ఆ మెప్పుతో ఏళ్ళు గడిచిపోతాయి. ఒకరోజు అలుకుతూ అలుకుతూ ఆగిపోతుంది. నా పేరేమిటి? పనిమనిషికి ఆమె అమ్మగారు. పిల్లలకి అమ్మ. ఇరుగుపొరుగు వాళ్ళకి ఫలానా ఆయన భార్య. భర్తని అడిగినా, పుట్టింటికి వెళ్ళినా పేరు దొరకదు. చివరికి ఒక పాత స్నేహితురాలు కనబడి 'శారదా' అని పిలుస్తుంది. నువ్వు క్లాసులో ఫస్ట్ వచ్చేదానివి, పాటలు పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తుచేస్తుంది.

నాలుగు పేజీల్లో అయిపోయే కథ. కానీ ఎలా కట్టారో చూడండి. శారద పేరు మనకీ తెలియదు. ఆమెతో పాటు మనమూ వెతుకుతాం. మొదటి సగంలో ఏళ్ళకేళ్ళు ఒక్కో వాక్యంలో జారిపోతాయి, అచ్చం పెద్దమ్మ కథల్లో లాగే. పేరు దొరికే చోటికి వచ్చేసరికి కథ నెమ్మదిస్తుంది, ఎదురెదురుగా మాటలు వినిపిస్తాయి, ఒక్కో జ్ఞాపకం విడివిడిగా కనబడుతుంది. మరుపుకి ఒక నడక, జ్ఞాపకానికి ఇంకో నడక. ఇక కథ పేరు. 'ఇల్లలకగానే పండగ కాదు' అన్న సామెతలో సగమే ఆమె శీర్షికగా పెట్టారు. మిగతా సగం మన నాలుక మీదికి అదే వస్తుంది. అలకడం అన్న మాటని కూడా ఒక్క క్షణం తలుచుకోండి. నిన్నటి ముగ్గుని చెరిపేస్తేనే ఇవాళ అలికినట్టు. ఏళ్ళ తరబడి చెరుపుతూ పోతే ముగ్గుతో పాటు ఇంకేం చెరిగిపోతుందో ఆ క్రియాపదంలోనే ఉంది. సత్యవతి దాన్ని ఎక్కడా విడమరిచి చెప్పరు. గుడ్డ చేతికిచ్చి ఊరుకుంటారు.

మీకిష్టమైన రచయిత్రులెవరు, వాళ్ళ రాతలో గొప్పేముంది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ కథ చెప్తాను. ఎందుకంటే ఆ ప్రశ్నలో మూడు చిక్కుముళ్ళున్నాయి. ఆడవాళ్ళు రాశారు కాబట్టి గొప్పా? ఆడవాళ్ళ గురించి రాశారు కాబట్టా? లేక ఎవరు రాసినా గొప్పదే అయ్యే రచనని ఒక స్త్రీ రాసిందా? మూడూ వేరు వేరు ప్రశ్నలు. వీటిని కలిపేసి మాట్లాడతాం కాబట్టే ఒకవైపు 'లేడీస్ నవలలు' అని తీసిపారేస్తాం, ఇంకోవైపు మహిళా దినోత్సవం నాడు పేర్లన్నీ దండ గుచ్చినట్టు చదివేస్తాం. రెండు చోట్లా పుస్తకం తెరిచే పని పడదు.

మన విమర్శలో బాగా నలిగిన జంట మాటలున్నాయి, వస్తువు, శిల్పం అని. 'రచయిత్రుల దగ్గర వస్తువుంది గానీ శిల్పం లేదు' అన్న మాట సభల్లో నేను చాలాసార్లు విన్నాను. అక్కడ వస్తువంటే విషయం. మన ఇళ్ళలో వస్తువంటే మాత్రం సామాను. అలుకుగుడ్డ ఒక వస్తువు. పూలకుండీ ఒక వస్తువు. నాకు బాగా నచ్చిన తెలుగు రచయిత్రులు ఈ రెండో అర్థంలోని వస్తువుని పట్టుకుని దాన్నే శిల్పంగా మలిచారు. రోజూ చేతిలో నలిగే సామాను మీద ఒక జీవితపు బరువంతా నిలబెట్టారు. ఇది నేను సిద్ధాంతంగా చెప్పడం లేదు, చదువుతూ ఉంటే కనబడిన దారి. ఈ దారిలో ఇమడని గొప్ప రచయిత్రులు కూడా ఉన్నారు. వాళ్ళ దగ్గరికీ వస్తాను.

వెనక్కి వెళ్తే మొల్ల. తన రామాయణం అవతారికలో, అంటే కావ్యం మొదట్లో కవి తన గురించి చెప్పుకునే భాగంలో, తాను ఆతుకూరి కేసన కూతురినని చెప్పుకుంది. శాస్త్రాలు, కావ్యపాండిత్యం తనకి తెలియవని కూడా అంది. ఆ వినయాన్ని చాలామంది ఉన్నదున్నట్టుగా నమ్మేశారు. అదే అవతారికలో మంచి కవిత్వం అంటే ఏమిటో ఆమె తేల్చి చెప్పింది. తేనె సోకితే నోరు తీపెక్కినట్టు చదవగానే అర్థం తోచాలి, గూఢశబ్దాలు కూర్చిన కావ్యం 'మూగ చెవిటివారి ముచ్చట' అవుతుంది అని. ఏమీ తెలియదన్న మనిషి అనే మాట కాదది. చుట్టూ ఉన్న పండితకవిత్వం మీద తీర్పు. తేనె, నోరు, మూగ, చెవిటి, ముచ్చట. ఒక సాహిత్య సిద్ధాంతం మొత్తం ఇంటి మాటల్లో చెప్పేసింది. తెలుగులో వాడుక మాట కోసం తర్వాత జరిగిన యుద్ధాలన్నీ గుర్తు చేసుకుంటే ఈ పద్యం బలం ఇంకా తెలుస్తుంది.

ముద్దుపళని కథ వేరు. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికా సాంత్వనము' రాసింది. ఆమె కావ్యాన్ని ముందు అచ్చు వేసినవాళ్ళు అవతారికలో ఆమె తన గురించి, తన వాళ్ళ గురించి చెప్పుకున్న పద్యాల్ని, ఇంకొన్ని పద్యాల్ని వదిలేశారు. అంటే కావ్యం ఉంది, కవయిత్రి పరిచయం లేదు. శారద కథే, అచ్చుయంత్రం మీద. పూర్తి ప్రతిని సంపాదించి 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురించింది బెంగుళూరు నాగరత్నమ్మ. తిరువయ్యారులో త్యాగరాజుకి గుడి కట్టించిన నాగరత్నమ్మే. ఆడది ఇలాంటి శృంగారం రాయడమేమిటని వీరేశలింగం అంతటి మనిషి తప్పుపట్టారు. శృంగారం తప్పయితే మగ కవులకీ తప్పే కదా అని నాగరత్నమ్మ సూటిగా అడిగింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం తీయించేదాకా అది దొరకలేదు.

అశ్లీలమా కాదా అన్న గొడవలో ఆ కావ్యం ప్రత్యేకత పక్కకి పోయింది. మన ప్రబంధాల్లో నాయిక విరహంతో వేగిపోతూ కనబడుతుంది గానీ, ఆమె కోపం తీరేదాకా కావ్యమంతా ఆగి ఎదురుచూడడం అరుదు. ఇక్కడ రాధ తానే దగ్గరుండి ఇళ అనే అమ్మాయికి కృష్ణుడితో పెళ్ళి చేస్తుంది, తర్వాత అసూయతో రగిలిపోతుంది. ఆమెని సాంత్వన పరచడమే కథ. తప్పు చేసిన బాధ, దక్కని బాధ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. అది కదా చూడాల్సింది.

భండారు అచ్చమాంబ గురించి మాట్లాడగానే 'మొదటి కథ ఎవరిది' అన్న పోటీ మొదలవుతుంది. ఆమె 'ధనత్రయోదశి' 1902లో హిందూసుందరి పత్రికలో వచ్చింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. తేదీల లెక్క తేదీలదే, ఆమెకి దక్కాల్సిన చోటు దక్కాలి. నాకు ఆ పోటీ కన్నా ఆసక్తిగా ఉండేది ఇంకోటి. రెండూ భార్య భర్తని సరిదిద్దే కథలే. దిద్దుబాటులో కమలిని ఉత్తరం రాసిపెట్టి దాక్కుంటుంది. మంచం కింద నుంచి నవ్వు వినబడేదాకా ఆమె కనబడదు. అందమైన ఎత్తుగడ, ఎన్నిసార్లు చదివినా హాయిగా ఉంటుంది. అచ్చమాంబ కథలో పేదరికంలో తప్పుదారి పట్టబోయిన భర్తకి ఎదురుగా నిలబడి భార్య మాట్లాడుతుంది. వాదిస్తుంది, అర్థమయ్యేలా చెబుతుంది. కథగా దిద్దుబాటుకున్న నునుపు దీనికి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. భార్య గొంతు మాత్రం నేరుగా వినబడేది ఇందులోనే. అచ్చమాంబ బడికి వెళ్ళి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. కన్న పిల్లల్ని పోగొట్టుకుంది. స్త్రీల చరిత్రలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1905లో ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే చనిపోయింది.

ఇప్పుడు నేను అన్నింటికన్నా ఎక్కువ ఇష్టపడే నవల దగ్గరికి వస్తాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు'. 1957, 58ల్లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి ఆమెకి ముప్పై ఏళ్ళు లేవు. 1961లో పోయారు. ఉన్నది ఈ ఒక్క నవలే.

ఇందులో ఇందిర ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, బాధ్యత తెలియని తండ్రిని తన జీతంతో పోషిస్తూ ఉంటుంది. మెడిసిన్ చదివే ప్రకాశం ఆమెకి దగ్గరవుతాడు. మంచివాడే, వెన్నెముక లేనివాడు. ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళెర్రజేస్తే తల దించుకుంటాడు. ఇందిరకి తనకేం కావాలో తెలుసు. కావాలని అడగడం తెలుసు. దొరకదనుకుంటే అక్కడితో వదిలేసి ముందుకి పోవడం తెలుసు. అదే నవలలో సున్నితమైన, కష్టాల్లో ఉన్న కల్యాణి ఉంది. మన నవలల అలవాటు ప్రకారం కల్యాణి నాయిక, ఇందిర వ్యాంప్ అవ్వాలి. కల్యాణి పట్ల ఇందిర ప్రవర్తన చూస్తే కొన్నిచోట్ల మనకి ఒళ్ళు మండుతుంది కూడా.

శ్రీదేవి తీర్పు చెప్పరు. అందులోనే ఆమె గొప్పతనమంతా ఉందని నా అభిప్రాయం. ఇందిర చేసిన ప్రతి పనికీ కారణం చూపిస్తారు, సాకు మాత్రం చెప్పరు. ఆకలి తెలిసిన మనిషి లెక్కలు వేసుకుంటుంది. ఆ లెక్క ఒక్కోసారి పక్కవాళ్ళని గాయపరుస్తుంది. ఆ గాయమూ నిజమే, ఆ ఆకలీ నిజమే. డాక్టరు రోగిని చూసినట్టు చూశారు అంటుంటారు, ఆమె వృత్తిని గుర్తుపెట్టుకుని. నాకు అంతకన్నా, ఒకే మేడలో కింద ఉండి పైవాళ్ళ సంగతులన్నీ తెలిసినా చాడీలు చెప్పని పెద్దమనిషి చూపులా ఉంటుంది అది. నవల చివర ఇందిర ప్రకాశాన్ని దాటి, అతని స్నేహితుడు కృష్ణమూర్తిని ఎంచుకుంటుంది. అది ఓటమో గెలుపో ఇప్పటికీ చదివినవాళ్ళు వాదించుకుంటారు. అరవై అయిదేళ్ళు దాటాక కూడా ఒక పాత్ర మంచిదా చెడ్డదా అని ఇంట్లో గొంతులు పెరుగుతున్నాయంటే ఆ పాత్ర బతికే ఉందన్నమాట. ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్ళు నవల చదివేశామని అనుకోవద్దు.

ఇందిర దగ్గర నా వస్తువు సూత్రం పనిచెయ్యదు. ఇక్కడ సామాను లేదు, మనిషే ఉంది. ముందే చెప్పాను కదా, అన్ని తాళాలకీ ఒకే తాళంచెవి పట్టదు.

మా అమ్మ ట్రంకుపెట్టెలో అయిదారు బైండు పుస్తకాలు ఉండేవి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీల్ని వారం వారం చింపి, దాచి, కుట్టించి, అట్ట వేయించుకున్నవి. కథ పక్కనే సబ్బు ప్రకటన, సగం తెగిన జోకు, పేజీ అంచున పసుపు వేలిముద్ర. యద్దనపూడి సులోచనారాణి నవలలు నేను మొదట అలాగే చదివాను. 'సెక్రటరీ', 'మీనా', 'జీవన తరంగాలు'. 60, 70ల్లో అద్దె లైబ్రరీలు నడిచిందే ఈ నవలల మీద. మగ రచయితలు కూడా ఆడపేర్లతో రాసేంత గిరాకీ ఉండేది రచయిత్రులకి. ఆరడుగుల హీరో, పెద్ద కారు, మేడ, చివర్లో పెళ్ళి. నిజమే, అవన్నీ ఉంటాయి. ఈ నవలలు గొప్ప సాహిత్యమని నేను అనను. ఆ హీరోని చూసి భర్తల మీద అసాధ్యమైన ఆశలు పెంచుకున్న తరం ఉందన్న విమర్శలోనూ నిజం ఉంది.

అయితే 'సెక్రటరీ'లో జయంతి లాంటి ఉద్యోగం చేసే అమ్మాయి, డబ్బున్నవాడి ముందు ఆత్మాభిమానంతో నిలబడి మాటకి మాట చెప్పడాన్ని ఇంటి పట్టున ఉన్న లక్షలమంది ఆడవాళ్ళు ఊపిరి బిగపట్టి చదివారు. మధ్యాహ్నం వంటగిన్నెలు కడిగేశాక దొరికే ఆ గంట, ఎవరి అవసరాలూ తీర్చక్కర్లేని ఆ ఒక్క గంట, చదువుకోసం ఖర్చు చెయ్యడం వాళ్ళకి ఈ నవలలే అలవాటు చేశాయి. మాలతీ చందూర్ ఆంధ్రప్రభలో దశాబ్దాల పాటు 'ప్రమదావనం' శీర్షిక నడిపి ఆ పాఠకుల ప్రశ్నలకి జవాబులిచ్చారు. వంటల పుస్తకం రాసిన చెయ్యే 'పాత కెరటాలు' పేరుతో ప్రపంచ నవలల్ని వాళ్ళ ముందు పెట్టింది. మా అమ్మ ఇంగ్లీషు నవల ఒక్కటీ చదవలేదు. డజను ఇంగ్లీషు నవలల కథలు పాత్రల పేర్లతో సహా చెప్పగలిగేది.

రంగనాయకమ్మని ఈ వరుసలో పెట్టడం కష్టం. పాపులర్ నవలతో మొదలై వాదనలోకి వెళ్ళారు. 'స్వీట్ హోమ్' చదివి నవ్వినవాళ్ళే 'రామాయణ విషవృక్షం' చదివి కోపం తెచ్చుకున్నారు. ఆమెతో ఏకీభవించని చోట్లు నాకు చాలా ఉన్నాయి. కానీ తెలుగు వాక్యాన్ని అంత సూటిగా, ఎదురుగా కూర్చుని నిలదీస్తున్నట్టుగా రాసినవాళ్ళు తక్కువ. తన తొలి నవలల్ని తర్వాతి ముద్రణల ముందుమాటల్లో తానే ఉతికి ఆరేశారు. తన పాత పుస్తకాన్ని పాఠకుల ముందే తప్పుపట్టుకునే రచయితలు ఏ భాషలోనైనా ఎంతమంది ఉంటారు? ఇక ఆడవాళ్ళు ఇంటి గడప దాటి రాయలేరు అనేవాళ్ళకి వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి' చూపిస్తే చాలు. సాంబయ్య అనే రైతుకి నేలతో ఉన్న బంధాన్ని అంత దగ్గరగా చూపించిన నవలలు మనకి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని.

పూలకుండీ దగ్గరికి వద్దాం. అబ్బూరి ఛాయాదేవి కథ 'బోన్సాయ్ బ్రతుకు'. పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న చెల్లెలి ఇంటికి పల్లెటూరి నుంచి అక్క వస్తుంది. చెల్లెలు ఎంతో ముచ్చటపడి పెంచుకున్న బోన్సాయ్ చెట్లు చూపిస్తుంది. ఆకాశాన్ని అంటుకోవాల్సిన చెట్టు కుండీలో జానెడెత్తున ఉంది. అక్క మనసు చివుక్కుమంటుంది. గాలివాన వస్తుంది. కుండీల్ని గబగబా లోపలికి తెస్తారు. బయట రోడ్డు మీద పెద్ద చెట్టు వాననీ గాలినీ ఓర్చుకుంటూ నిలబడి ఉంటుంది, దాని కింద జనం తలదాచుకుంటారు. ఆడపిల్లల పెంపకం గురించి అక్క ఏమంటుందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇందులో తెలివి ఎక్కడుందంటే ఆ మాట ఎవరి నోట అనిపించారు అన్న చోట. చదువుకున్న చెల్లెలు అని ఉంటే అది ఉపన్యాసం అయ్యేది. చదువు లేని, చెట్లతో బతికిన అక్క అంది. తన బతుకు కత్తిరింపులకి గురైందని ఆమెకి తెలుసు. అంతకన్నా గుచ్చుకునే సంగతి ఇంకోటుంది. అక్కకన్నా స్వేచ్ఛగా బతుకుతున్నాననుకునే చెల్లెలే చేతిలో కత్తెర పట్టుకుని కొమ్మలు కత్తిరిస్తోంది, ప్రేమతో. పెంచేవాళ్ళ ప్రేమే కుండీ కొలత నిర్ణయిస్తుందన్న మాట కథలో ఎక్కడా రాసి ఉండదు. ఛాయాదేవి గొంతు ఎప్పుడూ పెద్దది చెయ్యరు. ఢిల్లీలో లైబ్రేరియన్‌గా చేసినందుకేమో, మెల్లగా మాట్లాడడమే అలవాటు అనిపిస్తుంది. 'తన మార్గం' కథల సంపుటికి 2005లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది.

ఇక ఈ వ్యాసంలో అన్నింటికన్నా గట్టి ముడి. 'రచయిత్రులు' అని ఒక్క గుంపుగా పిలవడంలోనే ఒక పొరపాటు ఉంది. 80ల్లో స్త్రీవాద కవిత్వం ఉప్పెనలా వచ్చింది. సావిత్రి, జయప్రభ, కొండేపూడి నిర్మల, విమల, ఘంటసాల నిర్మల. అంతదాకా కవిత్వంలోకి రాని ప్రసూతి గది, వంటిల్లు, ఒంటిని తడిమే చూపులు కవితలయ్యాయి. జయప్రభ 'పైటని తగలెయ్యాలి' అని రాస్తే రాష్ట్రమంతా అదిరింది. సిగ్గు, పరువు, అణకువ అన్నీ కలిపి ఒక గజం గుడ్డలో ఎలా చుట్టి పెట్టారో ఆ కవిత విప్పి చూపించింది. పైట జారితే ఉలిక్కిపడి సర్దుకున్న ప్రతి అమ్మాయికీ ఆ కవిత అర్థమైంది.

తర్వాత జూపాక సుభద్ర 'కొంగు' కవిత రాశారు. అదే గుడ్డ. కానీ ఈ కొంగు రొమ్ము మీద కాపలా కాసే గుడ్డ ఒక్కటే కాదు. కూలికి పోయే దళిత స్త్రీకి అది ఎండలో నెత్తిమీద నీడ. చెమట తుడుచుకునే తువ్వాలు. కష్టంలోనూ కన్నీళ్ళలోనూ వెంట ఉండే తోడు. అలాంటి కొంగుని నేనెందుకు తగలెయ్యాలని ఆమె ప్రశ్న, అదీ తెలంగాణ పల్లె భాషలో.

ఈ రెండు కవితల్నీ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. ఏది రైటు అని మనసు వెంటనే వెతుక్కుంది. కాసేపటికి ఆ వెతుకులాటే తప్పని తెలిసింది. మొదటి కవితలో గుడ్డ ఒంటిని దాచమంటోంది, రెండో కవితలో అదే గుడ్డ ఒంటితో పాటు పని చేస్తోంది. ఎండలో నాట్లు వెయ్యని ఇంట్లో పుట్టినవాళ్ళకి రెండోది కనబడదు. సుభద్ర కవిత జయప్రభ కవితని కొట్టిపారేయలేదు. అందులో ఎవరు లేరో చూపించింది. స్త్రీ అనగానే మన కళ్ళ ముందు ఎవరి ఇంటి స్త్రీ నిలబడుతుందో అడిగింది. సాహిత్యంలో జవాబు అంటే ఇలా ఉండాలి. వ్యాసం రాసి వాదించకుండా అదే వస్తువుని తీసుకుని ఇంకో చేత్తో తిప్పి చూపించడం.

2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చి దళిత రచయిత్రుల్ని ఒకచోట చేర్చింది. శ్యామల కథల పుస్తకం పేరే ఒక సామెత, 'ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం'. ఏకులు అంటే వడకడానికి చుట్టిన దూది. ఏనుగు పక్కన ఆ తేలికపాటి బుట్టని పెట్టి చూడండి, ఇక ఏ వివరణా అక్కర్లేదు. జాజుల గౌరి 'మన్నుబువ్వ', షాజహానా 'నఖాబ్' కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి. నఖాబ్ కూడా గుడ్డే, ముఖం మీద కప్పుకునేది. ముస్లిం అమ్మాయిగా షాజహానా దాని వెనక నుంచి మాట్లాడినప్పుడు పైట గురించి తెలిసిన మాటలు అక్కడ సరిపోవు, కొంగు గురించి తెలిసినవీ సరిపోవు.

ఓల్గా పద్ధతి ఇంకోటి. ఆమె 'స్వేచ్ఛ' 80ల్లో పెద్ద చర్చే రేపింది, నాకు మాత్రం అందులో పాత్రలు కొన్నిచోట్ల రచయిత్రి మాటలే మాట్లాడుతున్నాయని అనిపిస్తుంది. 'విముక్త' కథలకి వచ్చేసరికి ఆ తొందర లేదు. 2015లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన పుస్తకం ఇది. 'సమాగమం' కథలో సీత శూర్పణఖని కలుస్తుంది. ముక్కు కోయించుకున్న శూర్పణఖ అడవిలో పూలతోట పెంచుతోంది. అందం మీద అంత గర్వం ఉన్న మనిషి అందాన్ని పోగొట్టుకున్నాక ఏం చేస్తుంది? మనకి తెలిసిన రామాయణం ఆమెని రావణుడి ముందు ఏడిపించి వదిలేసింది. ఓల్గా ఆమెకి మట్టి, విత్తనం ఇచ్చారు. ఒకే మగవాడి కారణంగా బాధపడిన ఇద్దరు ఆడవాళ్ళు ఆ తోటలో మాట్లాడుకుంటారు. వేల ఏళ్ళుగా శత్రువులుగా చూపించిన ఇద్దర్ని ఒక మొక్క పక్కన కూర్చోబెట్టారు, అంతే. మళ్ళీ మొక్కే చూశారా. ఛాయాదేవి దగ్గర కత్తిరించినది, ఇక్కడ తనంతట తాను పెరుగుతున్నది.

కొత్తగా చదవాలనుకునేవాళ్ళు 'ఇల్లలకగానే'తో మొదలుపెట్టండి, పది నిమిషాలు చాలు. పైట కవితనీ కొంగు కవితనీ ఒకే రోజు చదవండి, విడివిడిగా వద్దు, కొంగుని పైకి చదివితే ఇంకా మంచిది. 'కాలాతీత వ్యక్తులు'కి మాత్రం ఒక ఆదివారం పూర్తిగా కేటాయించుకోండి. చదవడం అయ్యాక ఇందిర మీద మీకు కోపం వస్తే, ఆ కోపం ప్రకాశం మీద ఎందుకంత రాలేదో ఒకసారి ఆలోచించి, మళ్ళీ మొదటి పేజీ తిప్పండి.